దగ్గరగా వేసిన తలుపు

మిషను చప్పుడుకి పిల్ల నిద్ర చెడుతుందని ఆ ఇల్లాలు గది తలుపు దగ్గరగా వేసింది. ఇంట్లోనే బట్టలు కుడుతుంది ఆవిడ. ఎనిమిదేళ్ల కూతురికి ఫ్లూ జ్వరం. పొద్దున్నే భర్త డాక్టరుకి చూపించి, మందు తెచ్చి, మొదటి మోతాదు తనే పట్టించాడు. "ఇంకేం భయం లేదు, పడుకోనీ" అని ధీమాగా చెప్పి పనికి వెళ్లాడు. ఆ మాట పట్టుకుని ఆవిడ నిశ్చింతగా చొక్కా ముందేసుకుంది.

కాలరు తిప్పుతుంటే గదిలో కుర్చీ ఈడ్చిన చప్పుడు. వెళ్లి చూస్తే ఏముంది! తను ఎలుకపిల్ల అని ముద్దుగా పిలుచుకునే పిల్ల కుర్చీ ఎక్కి, తెరిచిన, ఊచల్లేని కిటికీలోంచి ఒక కాలు బయటపెట్టింది. అది మూడో అంతస్తు. ఆవిడ ఒక్క ఉదుటున నడుం పట్టి లోపలికి లాగేసింది.

"వదులు! నువ్వు మా అమ్మవి కాదు!" అంటూ పిల్ల రక్కేసింది.

కాసేపటికి తెప్పరిల్లి మంచినీళ్లడిగింది. ఆవిడ పిల్లని డాక్టరు దగ్గరికి ఎత్తుకెళ్లింది. భర్తా పరిగెత్తుకొచ్చాడు.

డాక్టరమ్మ పిల్లని నిదానంగా పరీక్షించింది. "ఇప్పుడు బాగానే ఉంది. ఇది మందువల్లో, జ్వరంవల్లో తేల్చలేం. మందు వేసుకోని పిల్లలు కూడా ఫ్లూలో ఒక్కోసారి ఇలా చేస్తారు. అందుకే ఒంటరిగా వదలొద్దని, కిటికీలు గడియ పెట్టమని మీవారికి మరీమరీ చెప్పానమ్మా. తర్వాతి మోతాదు నాతో మాట్లాడాకే వెయ్యండి."

ఆవిడ భర్త వైపు తిరిగింది. "చెప్పారా మీకు?"

ఆయన తల గోక్కున్నాడు. "చెప్పారు. నీకు చెబితే కంగారుపడి మందు వెయ్యనిచ్చేదానివా? మనకేం కాదులే అనుకున్నా."

"వెయ్యనిచ్చేదాన్నే. వేసి, పక్కనే కూర్చునేదాన్ని!"

ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. కళ్లు మూసుకుని నమ్మిందే ఈ మనిషిని! ఆ తలుపు తన చేత్తోనే మూయించాడే!

ఇంటికొచ్చాక కిటికీ గడియ పెట్టి, మిషను పిల్ల మంచం పక్కకి ఈడ్చింది. ఆయన సాయానికి వస్తే చెయ్యి తోసేసింది.

"చప్పుడుకి లేస్తుందేమోనే."

"లేవనీ. లేస్తే నాకు తెలుస్తుంది."

"ఇంకేం భయం లేదులే. నువ్వు కాస్త నడుం వాల్చు, నేను చూసుకుంటాను."

"పొద్దున కూడా ఇదే మాటన్నారు," అని ఆవిడ మిషను తొక్కడం మొదలుపెట్టింది.