ఆరు టబ్బుల ఆయకట్టు

వంకాయ కనబడితే చాలు, తొడిమ పట్టుకుని తిప్పి చూడటం మావారికో జబ్బు. ఉయ్యూరు దగ్గర మా రెండెకరాలూ ప్లాట్ల వాళ్లకిచ్చేసి, గుణదలలో కొడుకు ఫ్లాటుకి వచ్చి మూడేళ్లయింది. పొలం పోయినా పెత్తనం పోలేదు. ప్రతి ఆదివారం రైతుబజారుకి నన్ను వెంటబెట్టుకెళ్లడం, కాయ తిప్పడం, "నీళ్లు చాలలేదమ్మాయ్ ఈ తోటకి" అని తీర్పు చెప్పడం. నేను సంచీ పట్టుకుని సిగ్గుతో చచ్చేదాన్ని.

ఆషాఢంలో ఓ ఆదివారం, వంకాయలమ్మే సంపూర్ణమ్మకి ఒళ్లు మండింది.

"బాబాయ్ గారూ, అంత తెలిసినోళ్లు ఒక్క కాయ పండించి తెండి. అందాకా నా బుట్ట ముట్టుకోకండి" అంది, బజారంతా వినేట్టు.

"కార్తీకం వెళ్లేలోపు నా చేతి పంట తెస్తా. తేలేకపోతే నేను రైతునని ఇంకెక్కడా చెప్పుకోను" అన్నారీయన.

ఇంటికొచ్చేసరికి ముఖం పాలిపోయింది. పొలం అమ్మేశాక ఆయనకు మిగిలింది ఆ ఒక్క మాటే. ఆ రోజు అన్నం కూడా సరిగా తినలేదు.

మర్నాడే డాబా మీదకి ఆరు టబ్బులు వచ్చాయి. అడుగున చిల్లులు చూసి మండిపడ్డారు.

"గట్టుకి గండి కొట్టి మరీ అమ్ముతున్నారే, దొంగ వెధవలు!"

"మామయ్య గారూ, అవి ఎక్కువైన నీళ్లు పోవడానికండీ" అంది మా కోడలు మనోజ్ఞ.

"నలభై ఏళ్లు కాలవ కింద సేద్యం చేశానమ్మా. నీళ్ల సంగతి నాకు చెప్తావా?"

చిల్లులన్నీ సిమెంటుతో పూడ్చేశారు. వంగ నారు నాటి, ఊరి నుంచి తెప్పించిన ఎండుగడ్డి పైన పరిచి, నాలుగు వేళ్ల లోతు నీళ్లు నిలబెట్టారు. వారానికల్లా నారు కుళ్లిపోయింది. మళ్లీ నాటారు, మళ్లీ కుళ్లింది. ఆ తర్వాత బజారుకి రావడం మానేశారు. సంపూర్ణమ్మ అడిగితే మోకాళ్ల నొప్పులని నేనే బొంకాను. మాట పోతోందని ఆయన లోలోపల కుమిలిపోతుంటే, నాకు కోపమూ వచ్చేది, జాలీ వేసేది.

ఓ రోజు మనోజ్ఞ టబ్బుల్లో గడ్డి పీకబోయింది.

"ఆగమ్మా! అది వరి!" అని ఒక్క అరుపు అరిచారు.

నిజమే. ఎండుగడ్డిలో మిగిలిన గింజలు రాలి, ఆ నీళ్లలో మొలిచాయి. ఇక చూడాలి మా రైతు గారి హడావుడి! కంకులు పాలు పోసుకునే వేళకి డాబా మీద కుర్చీ వేసుకుని, డబ్బా వాయిస్తూ పావురాల్ని తోలుతూ కూర్చున్నారు. కింద ఫ్లాటు వాళ్లు గొడవకొచ్చారు కూడా.

కార్తీకం ఆఖరి ఆదివారం, గుప్పెడు కంకులు తుండుగుడ్డలో చుట్టుకుని బజారుకి బయల్దేరారు.

"కాయ తెమ్మంటే కంకులు తెచ్చారేంటి బాబాయ్ గారూ?" అంది సంపూర్ణమ్మ. ఒక కంకి తీసుకుని, గింజ కొరికి చూసింది. "బాగా గట్టిపడిందండీ. మీరే పండించారా?"

"ఆరు టబ్బులు" అన్నారు, ఆరెకరాలన్నంత ధీమాగా.

సంపూర్ణమ్మ నవ్వి, బుట్ట ఆయన ముందుకి జరిపింది. నాకు కళ్లు చెమర్చాయి, అబద్ధమెందుకు.

మావారు ఓ వంకాయ తీసి, తొడిమ పట్టుకుని తిప్పి చూశారు.

"నీళ్లు చాలలేదమ్మాయ్ ఈ తోటకి" అన్నారు.