రాగి రేకు మందం

అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒత్తులు తప్పితే సర్దుకుని చదవండి. ఈ కాస్త రాయడానికే నెల పట్టింది.

మేస్త్రి చెప్పగా విన్నదిది. ఒక పరిశోధనశాలలో అతని పని రేకులు చేయడం. వెంట్రుక కన్నా పల్చటి రాగి రేకును చట్రంలో బిగించి ఇస్తే, యంత్రం దాని మీదికి కిరణాలను తోలేది. రాగి పరమాణువు నడిబొడ్డున, కేంద్రకంలో, ఒక కణం పుట్టి అక్కడే ఎలక్ట్రాను, పాజిట్రాను అనే జంటగా చిట్లిపోయేది. వాటి శక్తీ దారీ పట్టుకుని లెక్క కడితే పోయిన కణం బరువు తెలుస్తుంది. బయట ఉండే బరువే కేంద్రకం ఇరుకులోనూ ఉంటుందా, తగ్గుతుందా? అందరూ లెక్కలమ్మ అని పిలిచే ఆవిడ నాలుగేళ్ళుగా దీనితోనే తల బద్దలు కొట్టుకుంటోంది.

ఆశ కొద్దీ లెక్క వంగిపోకుండా వాళ్ళకో పద్ధతి ఉంది. ఎవరికీ చెప్పని అంకె ఒకటి కలిపి కంప్యూటరు జవాబును దాచేస్తుంది. పనంతా ముగిశాకే దాన్ని తీసేయాలి. ఆ ఉదయం తీశారు. బరువు నూటికి నాలుగు పాళ్ళు తగ్గింది.

ఎవరూ ఎగిరి గంతేయలేదు. అందరికీ ఒళ్ళు హూనమై ఉంది. లెక్కలమ్మ బల్ల మీద తల వాల్చి, "హమ్మయ్య" అంది.

మేస్త్రికి మాత్రం రెండో రేకు గుర్తొచ్చింది. మొదట్లోనే రేకు చిరిగితే, యంత్రం ఆపించడం ఎందుకని దాని మీదే ఇంకోటి బిగించేశాడు. ఎవరికీ చెప్పలేదు. మందం పెరిగితే ఆ జంట కణాలు దారిలో శక్తి పోగొట్టుకుంటాయనీ, కణం తేలికైనట్టు కనిపిస్తుందనీ ఇవాళ గోడ మీద బొమ్మ చూపిస్తూ ఆవిడ చెబితేనే అతనికి తెలిసింది.

"అమ్మా, ఒక్క మాట."

"పార్టీ అడక్కు మేస్త్రీ, ఓపిక లేదు."

"అందులో ఉన్నవి రెండు రేకులమ్మా."

ఆవిడ తల ఎత్తలేదు. "ఎప్పట్నుంచి?"

"మొదట్నుంచీ."

"నోట్లో నాలుక లేదా నీకు?"

"ఉంది. సిగ్గేసింది."

ఇద్దరూ కిందికి వెళ్ళి రేకులు ఊడదీసి మందం కొలిచారు. ఆవిడ కొత్త కొలతతో మళ్ళీ లెక్క కట్టింది. సాయంత్రానికి నాలుగు పాళ్ళలో అర పాలే మిగిలింది. కొలతలో పొరపాటుకని వదిలే తేడాయే ఒక పాలు ఉంది. అంటే తగ్గిందో లేదో ఎవరూ చెప్పలేరు.

"జవాబు చూశాక లెక్క మార్చామని కూడా రాయాలి," అంది కళ్ళు నులుముకుంటూ. "మళ్ళీ యంత్రం మన వంతుకొచ్చేది రెండేళ్ళకి."

"వచ్చే ఏడు నేను రిటైరవుతున్నానమ్మా."

"అయితే రేకులు చేసిపెట్టి వెళ్ళు. చట్రానికి ఒకటే పెట్టు నాయనా."

మేస్త్రి కళ్ళద్దాలు తుడుచుకుని కొత్త రాగి చుట్ట విప్పాడు.

ఇట్లు,
మేస్త్రిగారి భార్య, అరవై ఎనిమిదేళ్ళు, ఇప్పుడు కూతురింట్లో వీధివైపు గది.