పాండురంగయ్య చలివేంద్రం

ఎనభై ఒకటి ఎండాకాలంలో మా ఆయన పాండురంగయ్యకు ఓట్ల పిచ్చి పట్టింది. ఆళ్లగడ్డ పంచాయతీలో వార్డు మెంబరుగా నిలబడ్డాడు. పాతికేళ్లు గుడ్డలు కొలిచిన మనిషికి ఉన్నట్టుండి జనం మీద ప్రేమ పుట్టుకొచ్చి, బస్టాండు దగ్గర చలివేంద్రం పెట్టించాడు. నాలుగు బానలు, ఒక పందిరి, బానల కంటే పెద్ద బోర్డు మీద తన పేరు. నీళ్లు పోయడానికి మా ఇంట్లో పనిచేసే మణెమ్మను కూర్చోబెట్టాడు. ఆమె కూతురు సుంకమ్మకు ఎనిమిదేళ్లు. పగలంతా ఆ పందిట్లోనే ఆడుకునేది, ఆ నీళ్లే తాగేది.

ఆ నెలలోనే కలరా వచ్చింది. దేశదేశాలు తిరిగి మన దాకా వచ్చిన జబ్బని ఆసుపత్రి నర్సు సలోమి చెప్పింది. గోస్పాడు దిక్కు తొమ్మిదిమంది పోయారంటూ బానల్లో తన చేత్తోనే బ్లీచింగు పొడి కలిపింది.

జనం ఒక గుక్క తాగి ఊసేశారు. "కంపు కొడతాండాయప్పా!" అన్నారు. "పిల్లోల్లు పుట్టకుండా మందేసినారంట" అన్నారు ఇంకొందరు. ఎమర్జెన్సీలో ఆపరేషన్లకు లాక్కుపోయిన సంగతి ఎవరు మరిచిపోతారు? రోడ్డుకు అవతల పోటీవాడి చలివేంద్రంలో వట్టివేళ్లు వేసిన నీళ్లున్నాయి. అందరూ అటు పోయారు.

మర్నాడే మా ఆయన బానలు కడిగించి తానూ వట్టివేళ్లు వేయించాడు. సలోమి పొడి డబ్బాతో వస్తే అడ్డం నిలబడ్డాడు.

"పదైదు దినాలు ఆగమ్మా. ఓట్లయిపోనీ."

"కలరా నీ ఓట్ల దాకా ఆగుతాదా సెట్టీ?"

"ఈడ కలరా యాడుంది? అది వడదెబ్బ."

రెండు పార్టీలూ ఒక్క మాట మీదికొచ్చింది ఈ విషయంలోనే. కలరా అంటే సంత ఆగిపోతుంది, మీటింగులు ఆగిపోతాయి. అందుకని వడదెబ్బేనని దండోరా వేయించారు.

ఆయనకు మాత్రం కాచిన నీళ్లు కావాలి. రోజూ రాగి చెంబు నిండా నేనే కాచి చల్లార్చి మణెమ్మ చేతికిచ్చేదాన్ని. చలివేంద్రంలో పదిమంది ముందు ఆయన ఆ చెంబెత్తి గటగటా తాగి, "నా నీళ్లు నేనే తాగుతాండా, సూడండి!" అనేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. నేను అన్నీ తెలిసే కాచాను.

శుక్రవారం పొద్దున సుంకమ్మకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకుపోతే బతుకుతుందంది సలోమి. మా ప్రచారం జీపు వాకిట్లోనే ఉంది. అక్కడ కలరా అని రాసేస్తారని ఆయన జీపు ఇవ్వలేదు. సాయంత్రానికి పిల్ల పోయింది. కొట్లోంచి రెండు గజాల తెల్లగుడ్డ చించి పంపి, "ఎవరడిగినా వడదెబ్బ అను మణెమ్మా" అన్నాడు.

నాలుగో రోజు ఆమె పనిలోకి వచ్చింది. పోలింగుకు రెండు రోజులుంది. ఆడవాళ్లకు కుంకుమ పంచడానికి నేనూ పందిట్లో ఉన్నాను. మణెమ్మ చెంబులోని కాచిన నీళ్లు మట్టిలో పారబోసి, బానలో ముంచింది. తలెత్తి నన్ను చూసింది. నేను ఒక్క మాట అంటే సరిపోయేది. జీపు ఇవ్వలేదన్న కసి నాకూ ఉంది. తాగితే ఏమవుతుందో చూద్దామనీ ఉంది. పక్కనున్న ఇంకొకామెకు కుంకుమ పెట్టాను. ఆయన తాగాడు.

పోలింగు నాటి పొద్దున్నే ఆయన వాంతులు, విరేచనాలతో మంచం పట్టాడు. జీపు తెమ్మన్నాను. మరిది మాధవయ్య కదలలేదు.

"ఇప్పుడు పోతే ఊరంతా తెలుస్తాది వదినా. సాయంత్రం దాకా ఓర్చుకోమను. అన్నయినా ఇదే అంటాడు."

ఆయన వింటూనే ఉన్నాడు. కాదందామని నోరు తెరిచాడు, మాట రాలేదు. వాకిట్లో అడిగినవాళ్లకు నేనే చెప్పాను, వడదెబ్బని. సాయంత్రం పంతొమ్మిది ఓట్లతో గెలిచాక జీపెక్కించారు. నంద్యాల దారిలో శిరివెళ్ల దాటకముందే ప్రాణం పోయింది.

ఖాళీ అయిన ఆ చోటుకు నన్ను నిలబెట్టారు. జాలి ఓట్లు బాగా పడ్డాయి. మరుసటి ఎండాకాలానికి బోర్డు మీద నా పేరు రాశారు, కన్యకమ్మ అని. మళ్లీ కలరా మాట వినబడింది. సలోమి మళ్లీ డబ్బా పట్టుకుని వచ్చింది.

"కంపని జనం తిడతారు. పదైదు దినాలు ఆగమ్మా," అన్నాను.

చలివేంద్రం తెరిచిన రోజు, పొద్దున నేను కాచిచ్చిన చెంబు మణెమ్మ జనం ముందు నా చేతికందించింది. నా చెయ్యి ముందుకు పోలేదు. వంగి చెంబులోకి చూశాను.

"నువ్వు కాచినవేలేమ్మా, తాగు," అంది నాకు మాత్రమే వినబడేలా. "నీ మీద నాకేం కసి? ఆ పొద్దు నా తట్టు సూసి నోరు మూసుకుంటివి కదా."

చెంబెత్తి తాగాను. జనం చప్పట్లు కొట్టారు. మణెమ్మ వాళ్లకు బానలోంచి నీళ్లు పోయడం మొదలుపెట్టింది.