గోడ మీద నీలం గీత

బంద్ అంటే ఊరందరికీ ఇబ్బంది. సంధ్యకు మాత్రం పండగ. సకల జనుల సమ్మె మొదలైనప్పటి నుంచి భర్త అజయ్ ఆఫీసుకు ఏ రోజు సెలవో, దానికి బదులు ఏ శనివారం పనో ముందుగా తెలిసేది కాదు. తెల్లారి ఫోన్ చూసుకుని "ఇయ్యాల లేదు" అని అతను మళ్లీ దుప్పటి కప్పుకుంటే, ఆమె కూడా ఆ దుప్పట్లోకే దూరేది. కరెంటు పోతే లిఫ్ట్ ఆగేది. పుప్పాలగూడలోని ఆ అపార్ట్‌మెంటులో మిగతావాళ్లు ఆయాసపడుతూ మెట్లెక్కితే, వీళ్లిద్దరూ మలుపు మలుపుకీ ఆగి, కొవ్వొత్తి నువ్వు పట్టుకో అంటే నువ్వు పట్టుకో అని పోట్లాడుకుంటూ నాలుగో అంతస్తుకు చేరేవాళ్లు. పెళ్లప్పుడు వచ్చిన స్టీలు గిన్నెల మీద పేర్లు ఇంకా అరిగిపోలేదు. చాయ్‌లో చక్కెర ఎక్కువైనా ఇద్దరికీ నవ్వే వచ్చేది.

ఒక్కటే వెలితి. కొత్త పెళ్లికూతురు మొదటి బతుకమ్మకు తల్లిగారింటికి పోవాలి. ఆమె తల్లిగారిది మెట్‌పల్లి దగ్గర. బస్సులు లేవు, రైళ్లనూ ఆపుతున్నారు. అమ్మ ఫోన్‌లో ఏడ్చింది. "తెలంగాణ వచ్చినంక పెద్దగ చేసుకుందాంలే అమ్మా" అని ఈమె ఓదార్చింది గానీ, ఫోన్ పెట్టేశాక తనకూ ఏడుపొచ్చింది.

ఆ రోజుల్లో సంధ్య పట్టణ ప్రణాళిక చదివి, రామచంద్రం గారి సంస్థలో చేరి కొద్ది నెలలే అయింది. ఖాజాగూడ గుట్టల వెనక నల్లరాళ్ల కుంట ఉంది. దాని చుట్టూ ఎక్కడ ఇళ్లుండొచ్చు, వరదొస్తే ఎవరికి ప్రమాదం, కుంట చూడవచ్చే జనం కోసం ఏమేం కట్టొచ్చు అన్నవి తేల్చే అధ్యయనం ఆ సంస్థకు అప్పజెప్పారు. సంధ్య పని తేలికైనది. పోయిన ఏడాది పెద్దవానకు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఇంటింటికీ వెళ్లి అడగాలి. వాళ్లు చూపించిన చోట గోడ మీద నీలం పెయింటుతో గీత గీయాలి. తర్వాత ప్రభుత్వ ఇంజనీర్లు పరికరాలతో వచ్చి ఆ గీతలను సరిచూస్తారు.

"ప్రమాదం ఎక్కువున్నోళ్లకే ముందు పక్కా ఇండ్లు. అది నేను రాయించే బాధ్యత" అన్నారు రామచంద్రం గారు. ఆయన సాయంత్రాలు దీక్షా శిబిరాల్లో మాట్లాడే మనిషి. మెడలో గులాబీ కండువా ఉండేది. సంధ్య ఆ మాటను నమ్మింది, కుంట పక్క బస్తీకి వెళ్లి అదే చెప్పింది.

బస్తీలో మొదటి ఇల్లు తాపీ మేస్త్రీ మొగిలిది. అతను చీలమండ దగ్గర వేలు పెట్టి "గీడిదాంక" అన్నాడు. వెనక నుంచి అతని వదిన యాదమ్మ ఒక్క కేక వేసింది.

"ఓ పిచ్చోడా! పోయినసారి మోకాలు దాటినోళ్లకే గదరా బియ్యమిచ్చిన్రు! మనకు సోలెడన్న ఇచ్చిన్రా? జర పైకి పెట్టు."

మొగిలి వేలు మోకాలికి ఎక్కింది.

"ఇంకా పైకి. నీ అయ్య సొమ్మేమన్న పోతదా?"

వేలు నడుముకు చేరింది. సంధ్య నవ్వాపుకోలేకపోయింది. "ఇంకొంచెం ఎక్కితే మీరంత మునిగిపోయినట్టేనమ్మా."

"మునిగితే ఇల్లొస్తదంటే మునుగుతం బిడ్డా. మాకేం కొత్తనా?"

పొద్దు తిరిగేసరికి బస్తీ గోడలన్నిటి మీద నీలం గీత నడుము దగ్గర నిలిచింది. ఇది అబద్ధమని సంధ్యకు తెలుసు. అయితే ఇంజనీర్లు ఎలాగూ సరిచూస్తారు కదా అనుకుంది. పైగా చీలమండ దాకా నీళ్లొచ్చిన ఇంటికి కూడా పక్కా ఇల్లు వస్తే ఎవరికి నష్టం?

గీత లేకుండా మిగిలింది చంద్రమ్మ ఇల్లొక్కటే. అది బస్తీ చివర ఏనుగు వీపులాంటి బండ మీద ఉంది. కుంట కట్ట తెగినా దాని గడప తడవదు. చంద్రమ్మ, ఆమె భర్త కిష్టయ్య నారాయణఖేడ్ వైపు నుంచి వలస వచ్చి, ఆ బండ మీద రాయి రాయి పేర్చి కట్టుకున్నారు. ఆమె ఐటీ ఆఫీసులో అద్దాలు తుడుస్తుంది. ఆయన అదే ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ. పోయిన వానలో బస్తీ పిల్లలందరూ ఆ ఇంట్లోనే పడుకున్నారట.

"నీకు గీత ఎందుకు చంద్రమ్మా? నీ ఇల్లు బంగారం" అంది సంధ్య.

చంద్రమ్మ ఆ మాట పట్టించుకోలేదు. "బతుకమ్మకు తల్లిగారింటికి పోలేదా బిడ్డా? కొత్త పెండ్లిపిల్లవు లెక్కున్నవు."

"బస్సులేవి?"

"అయ్యో! మరి సద్దుల నాడు ఈడికే రాయె. నాకిద్దరు కొడుకులే. ఆడబిడ్డ లేదు. ఈ యేడు నేనే నీ తల్లిగారు."

సద్దుల బతుకమ్మ నాడు సంధ్య నిజంగానే వెళ్లింది. అజయ్ బండి మీద దింపి, "అల్లుడికేమన్న పెడ్తరా?" అని తమాషా చేశాడు. "అల్లుడు అలిగితేనే పెడ్తం, అలుగు జర" అంది చంద్రమ్మ. బండ సందుల్లో పూసిన తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి వరసలు వరసలుగా పేర్చి సంధ్య అంత ఎత్తు బతుకమ్మను నిలబెట్టారు. చంద్రమ్మ ఆమెను పీట మీద కూర్చోబెట్టి కాళ్లకు పసుపు రాసింది. ఒడిలో రవికెగుడ్డ, కొబ్బరి కుడక పెట్టి, మలీద ముద్ద నోట్లో పెట్టింది. బెల్లం కాస్త మాడింది. ఆ మాడు రుచి కూడా సంధ్యకు ఎంత బాగుందో! ఆడి ఆడి చేతులెర్రబడ్డాక, బతుకమ్మలను కుంటలో వదిలాక, ఆమెకు లోకమంతా చుట్టమైనట్టు అనిపించింది.

అప్పుడు చంద్రమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"తల్లిగారికి ఆడబిడ్డ ఏం పెడ్తది బిడ్డా?"

"ఏం కావాలె?"

"నా గోడకో గీత. బస్తీల అందరికున్నది, నాకే లేదు. రేపు అందరికి ఇండ్లిస్తే నేను ఈ బండ మీద ఒక్కదాన్నే కూసుండాల్నా? ముసలోనికి మోకాళ్ల నొప్పులు. పక్కా ఇంట్ల నల్లా ఉంటదంటున్నరు."

సంధ్య ఆలోచించలేదు. అంత సంతోషంగా ఉన్న మనిషికి కాదనడం ఎలా వస్తుంది? తీసుకుపోవడానికి వచ్చిన అజయ్ బండి డిక్కీలోంచి డబ్బా తెచ్చి, నీళ్లెప్పుడూ చూడని ఆ గోడ మీద నడుమెత్తున నిండుగా ఒక గీత లాగింది. "అందరికంటె నీదే మంచిగొచ్చింది" అంది కూడా. చంద్రమ్మ మెటికలు విరిచింది.

మర్నాడు మిగిలిన పెయింటుతో సంధ్య, అజయ్‌ను వెంటబెట్టుకుని తన అపార్ట్‌మెంటు సెల్లారులోకి దిగింది. ఆ భవనం కూడా అధ్యయనం హద్దులోనే ఉంది. పెద్దవానకు సెల్లారులో స్కూటర్లు తేలాయని అక్కడ అందరికీ తెలుసు. సామానంతా పోగొట్టుకున్న వాచ్‌మన్ పాలమూరు వెళ్లిపోయాడు. కొత్త సున్నం కింద మట్టి చార ఇంకా కనబడుతోంది. సంధ్య దాని పక్కన నిలబడితే అది ఆమె గొంతు దగ్గరికి వచ్చింది.

బ్రష్ ముంచేసరికి అసోసియేషన్ సెక్రటరీ రామాంజనేయులు గారు లిఫ్ట్ దగ్గర నుంచి పరుగున వచ్చారు. "ఆగండమ్మా, ఆగండి! మన కొంపకి మనమే గీత గీసుకుంటామా అండీ? రేపు కొనేవాళ్లొస్తారు, బ్యాంకువాళ్లొస్తారు. మీ ఫ్లాటు కూడా ఇందులోనే ఉంది కదండీ?"

సంధ్య అజయ్ వైపు చూసింది. "వదిలెయ్ సంధ్యా. మన ఇల్లు" అన్నాడతను. మన ఇల్లు అన్న మాట అప్పటికింకా కొత్తది, తియ్యనిది. ఆమె డబ్బా మూత బిగించింది.

ఇంజనీర్లు రాలేదు. వాళ్లూ సమ్మెలో ఉన్నారు. సమ్మె ముగిశాక అడిగితే, "పేరుకుపోయిన పనే తెమలలేదు, మీరు రాసిందే ఖాయం చేసుకోండి" అన్నారట. గీతలు అలాగే పటంలోకి ఎక్కాయి.

చలికాలం పోయేలోగా బస్తీకి నోటీసులొచ్చాయి. ఆ ఇళ్లు నివాసయోగ్యం కావు, ప్రాణాపాయం ఉంది కనక ఖాళీ చేయాలి. ఇళ్లు తర్వాత బాచుపల్లి అవతల ఎక్కడో ఇస్తారట. ఎక్కడో, ఎప్పుడో అందులో లేదు. నోటీసు పట్టుకుని తహసీలు ఆఫీసుకు పోయిన కిష్టయ్యను అక్కడివాళ్లు ఒక్కటే అడిగారట: "మీ గోడకు గీత ఉందా లేదా?"

సంధ్య పరుగున రామచంద్రం గారి గదికి వెళ్లింది.

"సార్, చంద్రమ్మ ఇంటికి నీళ్లు రావు. బండ మీదుంటది. ఆ గీత నేనే ఊరికె పెట్టిన. అదొక్కటన్న తీసేయండి."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఒక్కటి తప్పంటే మిగిలినయి ఎవడు నమ్ముతడమ్మా? సర్వే మొత్తం పోతది. సంస్థ పేరు పోతది. నీ పేరు కూడ."

అప్పుడే బల్ల మీద పరిచి ఉన్న కొత్త పటం ఆమె కంటపడింది. కుంట చుట్టూ నడకదారి, పడవల రేవు, లోపలికి రావడానికి టికెట్ గది. బస్తీ చివర ఏనుగు వీపులాంటి బండ మీద ఎర్ర సిరాతో హోటల్ అని రాసి ఉంది.

"ఇక్కడ హోటలా సార్?"

"అన్నిట్ల ఎత్తు జాగ అదే. అక్కడికి నీళ్లు ఎన్నడు రావు" అన్నారాయన. అన్నాక, తాను ఏమన్నారో తెలిసినట్టు అద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత గొంతు పెంచారు. "రేపు రాష్ట్రమొస్తది. మన ఊర్లను చూస్తందుకు దేశమంత రావాలె. అన్నిటికీ ఎవరో ఒకరు కొంత ఇడువాలె గద."

ఆ ఇడిచేవాళ్లలో తానుందా, ఆయనున్నారా అని సంధ్య అడగలేదు. ఇంటికొచ్చి అజయ్‌తో చెబితే, "నువ్వు మంచికే చేసినవు గదా" అన్నాడు. ఆ మాటకు ఆమె మొదటిసారి అతని మీద అరిచింది. వారం తిరక్కుండా ఉద్యోగం మానేసింది. దానివల్ల ఒక్క ఇటుక కూడా నిలవలేదు.

జేసీబీ వచ్చిన రోజు ఆమె వెళ్లింది. తక్కిన ఇళ్లు తేలిగ్గానే కూలాయి. బండ మీది ఇల్లు మాత్రం చాలాసేపు కదల్లేదు. కిష్టయ్య డ్రైవరుకు అడ్డం నిలబడి, "నిన్న మొన్న నాతోని టెంటు కింద కూసున్నవు గదనే తమ్మీ! జై తెలంగాణ అన్నవు గదనే!" అంటున్నాడు. డ్రైవరు తల తిప్పుకున్నాడు. చంద్రమ్మ గరుకు రాయి తీసుకుని గోడ మీద గీతను రుద్దుతోంది. సున్నం రాలింది, మట్టి రాలింది, నీలం రంగు మాత్రం రాయి సందుల్లోకి దిగిపోయి ఉంది.

సంధ్యను చూసి ఆమె చెయ్యి ఆగింది.

"మంచి రంగే కొనుక్కొచ్చినవు బిడ్డా" అంది. "పోతలేదు."

ఆ తర్వాత వాళ్లెక్కడికి వెళ్లారో ఎవరూ చెప్పలేకపోయారు. ఎండాకాలం గడిచింది. మృగశిర కార్తె దాటాక ఒకనాటి సాయంత్రం సంధ్య కూరగాయల సంచితో సెల్లారులోకి వచ్చేసరికి, మూల గదిలో, పాత వాచ్‌మన్ ఉన్న గదిలోనే, చంద్రమ్మ ట్రంకుపెట్టె సర్దుతూ కనిపించింది. బయట కిష్టయ్య కొత్త యూనిఫాంలో కుర్చీ తుడుచుకుంటున్నాడు. పక్కనే రామాంజనేయులు గారు తాళాలు అప్పజెపుతున్నారు. సంధ్యను చూసి ఆయన అదే మర్యాదతో నవ్వారు.

"పాపం ఇల్లు పోయినవాళ్లటండీ. మనం కాకపోతే ఎవరు చూస్తారు చెప్పండి?" అని లిఫ్ట్ ఎక్కేశారు.

బయట మబ్బు కమ్మింది. చంద్రమ్మ లేచి కొంగు దులుపుకుంది. కోపం లేదు. అది లేకపోవడం చూసే సంధ్యకు భయం వేసింది.

"నువ్వు ఈడనే ఉంటవా? ఎన్నో అంతస్తు?"

"నాలుగు."

"పైనున్నవు, మంచిది." పొయ్యి ఎక్కడ పెట్టాలా అన్నట్టు నేల వైపు చూసి, ఏదో గుర్తొచ్చినట్టు నవ్వింది. "నీళ్ల సంగతి నీకెరుకగద. ఈడ నీళ్లు ఎంత దాంక వస్తయ్ బిడ్డా?"

సంధ్య గోడ దగ్గరికి వెళ్లింది. సున్నం మళ్లీ కొట్టారు. చార ఇప్పుడు కనిపించడం లేదు. ఆమె వెతకనక్కర్లేదు. అరచెయ్యి లేపి తన గొంతు దగ్గర గోడకు ఆనించింది.

"ఇంత వస్తయ్ చంద్రమ్మా. నిజంగ. ఇక్కడుండకండి."

చంద్రమ్మ ఆ చేతిని చూసింది, ఖాళీగా తెల్లగా ఉన్న గోడను చూసింది. కిష్టయ్యను పిలిచి, "ఓ ముసలోడా, చూసినవా, బిడ్డ ఇంక మారలే" అంది. పొయ్యిని నేల మీద, గోడ మూలకు జరిపి పెట్టింది.

"ఇప్పుడెవ్వలిస్తరు బిడ్డా ఇండ్లు? జర కిందికి పెట్టు."

సంధ్య చెయ్యి గోడ మీద అలాగే ఉంది. బయట సెల్లారు వాలు మీద మొదటి చినుకులు పడుతున్నాయి.