రెండు వైపులా ఒకే మాట

తోలు మీద ఉక్కు జారే చప్పుడు.

ఇసుక మీదికి నీరు వచ్చి... వెనక్కి పోయే చప్పుడు.

అత్త చేసేది ఆ చప్పుడు. పొద్దున్నే కిటికీ చువ్వకు తోలుపట్టా తగిలించేది. రెండో కొస ఎడమచేత్తో బిగించి లాగేది. కుడిచేతిలో మావయ్య గడ్డాలు గీసే కత్తి, పదునెక్కడానికి తోలు మీద.

వెళ్ళేది. వచ్చేది.

వెళ్ళేది. వచ్చేది.

ఆ కత్తి జేబులో వేసుకుని మావయ్య దుకాణానికి పోయేవాడు. కుర్చీలో కూర్చున్నవాళ్ళు గడ్డం సగంలో ఉండగానే కునుకు తీసేవాళ్ళు. లేచి, చెంప తడుముకుని, “నీ చెయ్యి వెన్నయ్యా” అనేవాళ్ళు.

మావయ్య నవ్వేవాడు.

అత్త మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. అత్తా ఎత్తేది కాదు.

ఒక పొద్దున మావయ్యకు పక్షవాతం వచ్చింది. నిలువునా కూలబోతుంటే అత్త పట్టుకోబోయింది. ఇద్దరూ పడ్డారు. ఆయనకు కుడివైపంతా పోయింది, చెయ్యీ కాలూ చెంపా. ఆమెకు కుడి మణికట్టు విరిగింది.

ఒక్క దెబ్బకు రెండు కుడిచేతులు.

నేను వాళ్ళ మేనల్లుణ్ణి. బస్తాలు మోసేవాణ్ణి. చేతిసాయానికి వచ్చాను. వండాను. మావయ్యను లేపి కూర్చోబెట్టాను. నాకు మాటలు తక్కువ. ఆయనకు ఎక్కువ... మూతి వంకరపోయినా తగ్గలేదు.

“సగం మొహం అద్దెకిచ్చానురా” అనేవాడు, చూడవచ్చినవాళ్ళతో. “వాళ్ళు తాళం వేసుకుని ఎటో పోయారు.”

గడ్డం పెరిగింది. ముందు బూడిద చల్లినట్టు. తర్వాత ముళ్ళకంపలా.

పక్కింటాయన జాలిపడి బ్లేడు తెచ్చాడు. మంచివాడే. కానీ మావయ్యది ఉల్లిపొరలాంటి చర్మం. గీసిన చోటల్లా ఎర్రటి చుక్కలు తేలాయి. మావయ్య ఆయన చెయ్యి నెట్టేసి గోడవైపు తిరిగాడు.

తిరిగినవాడు ఇటు తిరగలేదు.

ఊరివాళ్ళ మొహాలన్నీ తేటపరిచిన మనిషి, తన మొహం ఎవరికీ చూపించలేదు. జోకులు ఆగిపోయాయి. ముద్ద కలిపి నోటిదాకా తెస్తే పెదవి విప్పలేదు. ఆ పూటా. మర్నాడూ.

అత్త గుమ్మంలో నిలబడి ఆ వీపును చూసింది. చాలాసేపు చూసింది.

“పట్టా తగిలించరా” అంది.

“నేనా?”

“కాదు, నీ వెనకున్న గోడ.”

తగిలించాను.

“కత్తి వెన్ను ముందు పోవాలి. పదును వెనకాల రావాలి. చివరికొచ్చాక వెన్ను మీద దొర్లించు. పదును మీద దొర్లించావో, పట్టా తెగుతుంది.”

లాగాను.

“గోడకు సున్నం వేస్తున్నావా?”

మళ్ళీ లాగాను.

“బస్తా కాదురా అది! కత్తి బరువు కత్తికి చాలు. నీది కలపకు.”

నాది కలపకుండా ఎలా? పుట్టినప్పటినుంచీ బరువు పెట్టడమే నేర్చిన చెయ్యి. ఎంత పెడితే అంత పని. ఏమీ పెట్టకుండా చేసే పని ఒకటి ఉంటుందని... ఆ చేతికి ఎవరూ చెప్పలేదు.

పదును మీద దొర్లించాను. తోలు మీద నెలవంకంత గాటు.

ఏళ్ళ తరబడి ఆమె చేతికింద నల్లగా, నున్నగా, నీటి అడుగు రాయిలా అయిన తోలు అది.

అత్త ఎడమ బొటనవేలితో గాటు తడిమింది. ఆ వేలు ఇంకాస్త కిందికి జరిగింది. అక్కడ ఇంకొకటి. పాతది. అంచులు అరిగి, మాసి.

“ఇది మీ మావయ్యది” అంది. “పెళ్ళయిన కొత్తలో. మా మావగారు ఆయన చేతిలోంచి లాక్కుని నా చేతికిచ్చారు. ఆ రోజునుంచీ నాదే.”

మంచంవైపు చూసి గొంతు తగ్గించింది.

“దుకాణంలో అనకు.”

ఆ ఇంట్లో నేను నవ్వింది అప్పుడే.

తర్వాత ఆమె నా చెయ్యి చూడటం మానేసింది. వంటింట్లోకి పోయి, తలుపు దగ్గరకు వేసుకుని, లోపలినుంచి వినేది.

“వెళ్ళేటప్పుడు ఒక మాట, వచ్చేటప్పుడు ఇంకో మాట చెబుతోంది. రెండూ ఒకటే చెప్పాలి.”

నేనూ విన్నాను. వెళ్ళేటప్పుడు గరగర. వచ్చేటప్పుడు కీచు. అది వినడానికీ చెవి కావాలి. ఆ చెవి నాకు మెల్లగా వచ్చింది. చెయ్యి ఇంకా మెల్లగా. మంచం మీద మావయ్య గంజినీళ్ళు తప్ప ఏమీ మింగడం లేదు. వీపు ఎముకలు లెక్కకు అందుతున్నాయి.

ఒక పొద్దున... ఎండ అప్పుడే కిటికీ దాటింది.

వెళ్ళింది. వచ్చింది.

చెయ్యి ఉన్నట్టే లేదు. కత్తి ఉంది, తోలు ఉంది. మధ్యలో నేను లేను.

వెళ్ళింది. వచ్చింది.

ఇసుక. నీరు.

వంటింటి తలుపు తెరుచుకుంది. అత్త వచ్చి తన తలలోంచి ఒక తెల్లవెంట్రుక తీసి, ఎండలోకి పట్టుకుంది. పదును దానికి ఆనించాను. ఆనించానంతే.

సగం వెంట్రుక ఆమె వేళ్ళ మధ్యనే ఉంది. సగం గాలిలో ఉంది. తెగిన సంగతి దానికే తెలిసినట్టు లేదు... దిగడానికి తొందర లేనట్టు, ఎండలో తేలుతూ.

“అది నీ చప్పుడు కాదే.”

గోడవైపునుంచి వచ్చింది ఆ మాట. బొంగురుగా.

“కాదు” అంది అత్త. “వాడిది.”

మంచం కిర్రుమంది.

“కుర్చీ వెయ్యమను.”

వేశాను. ఎత్తి కూర్చోబెట్టాను. కుంచెతో నురగ పట్టించాను. మొహమంతా తెల్లగా, రెండు వైపులూ ఒక్కలాగే అయ్యింది.

“ఎటు మొదలెట్టను?”

“ఇటే. ప్రాణమున్న వైపు. అటైతే కొడవలి పెట్టినా ఒకటే.”

ఎడమ చెంప. ఆయన బతికున్న కన్ను నన్నే చూస్తోంది, దుకాణంలో కొత్తవాణ్ణి చూసినట్టు.

కత్తి దిగింది. బరువు దానిదే.

ఆ కన్ను మూతపడింది.

చెంప అయ్యింది. దవడ అయ్యింది. మెడ వెనక్కి వాలింది. చుక్క నెత్తురు లేదు.

“ఇన్నేళ్ళూ అద్దంలో చూసుకుంటూ గీసుకున్నాను” అన్నాడు, కన్ను విప్పకుండా. “కళ్ళు మూసుకోలేదెప్పుడూ. వాళ్ళంతా ఎందుకు నిద్రపోయేవాళ్ళో...”

ఆగాడు.

“చెయ్యి నాదనుకున్నానే.”

అత్త దగ్గరకు వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి కుర్చీ వెనక ఆనించి నిలబడింది.

నేను అటు తిరిగాను. తాళం వేసిన వైపు, కుడి చెంప. చర్మం కదలదు, బిగియదు, వదలదు. అక్కడ ఇంకా మెల్లగా గీశాను. ఎందుకో తెలియదు. చూసే కన్ను లేదు, స్పర్శ లేదు, నొప్పి లేదు. అయినా ఇంకా మెల్లగా.

కణత దగ్గరినుంచి ఒక్క గీత. దవడదాకా.

“చల్లగా ఉంది” అన్నాడు మావయ్య.

నా చెయ్యి ఆగింది.

కిటికీలోంచి గాలి వస్తోంది. ఎడమ చెంప మీద తడి ఇంకా ఆరలేదు.

అత్త వంగింది. ఆయన చెవి దగ్గరగా.

“ఎటువైపండీ?”

ఆయన పలకలేదు. ఊపిరి నిదానంగా, లోతుగా పోతోంది. నిద్రో, ఏ వైపో తెలియని వెతుకులాటో.

మేమిద్దరం కదలలేదు. ఆ నిశ్శబ్దంలో, కుడి చెంప మీద మిగిలిన నురగ... సన్నగా, చెవి పెడితే తప్ప వినపడనంత సన్నగా, బుడగ వెనక బుడగ, చిట్లుతూ...