ఒనుఫ్రి వెలిగించని మంట

మంచు పొగలా కమ్మిన రోజుల్లో మా ఊరు నేల మీద ఉన్నట్టుండదు. ధాన్యం గోదాములు, చర్చి గుమ్మటం, కరెంటు స్తంభాలు అన్నీ తెల్లటి గాలిలో తేలుతుంటాయి. కెనడాలోని సస్కాచెవాన్‌లో జనవరి అంటే ఇంతే. అలాంటి ఒక మధ్యాహ్నం, ఊరందరికీ మామ్మ అయిన పరాస్క ఇంటికి బయల్దేరాను, ఆమె పిలవకుండానే. మామ్మ కిటికీలు లోపలివైపు నీళ్లు కారుతున్నాయని, ఒకసారి చూసి రమ్మని పక్కింటి నర్సు డారియా ఫోన్ చేసింది. ఇళ్లని వెచ్చగా ఉంచే గ్యాసు ఫర్నేసులు బాగుచేయడం నా పని. కానీ ఆ రోజు పవిత్ర సాయంత్రం, పాత క్యాలెండర్ లెక్కన జనవరిలో వచ్చే మా ఉక్రేనియన్ల క్రిస్మస్ ముందురోజు. బీట్‌రూట్ చారు సగంలో ఆపి, తిట్టుకుంటూ వెళ్లాను.

తలుపు తీయగానే వెచ్చదనం బరువుగా మీద పడింది. అద్దాల మీంచి నీళ్లు ధారలు కట్టాయి. బల్ల మీద తెల్లటి గుడ్డ, దాని కింద ఆనవాయితీగా పరిచిన ఎండుగడ్డి, పైన రెండు కంచాలు. ఈ పూట పోయినవాళ్లకీ ఒక కంచం పెడతాం. కూర్చునే ముందు కుర్చీ మీద ఉఫ్ అని ఊదుతాం కూడా. అక్కడ ముందే ఎవరి ఆత్మయినా కూర్చుని ఉంటే పాపం నలిగిపోకుండా పక్కకి జరుగుతుంది. నేను కిటికీ పక్క కుర్చీ దగ్గరికెళ్లి అలవాటుగా వంగాను.

"అక్కడొద్దు లేస్యా. మీ తాతున్నాడు," అంది మామ్మ, కుర్చీలో పిల్లి ఉందని చెప్పినంత మామూలుగా.

నిజం చెప్పొద్దూ, ఆ కుర్చీ మెత్త కాస్త నొక్కుకుని ఉన్నట్టే అనిపించింది నాకు. ఎండుగడ్డి వాసన, కింద ఎక్కడో సన్నని గురక. కళ్లు మూతలు పడుతున్నాయి. అప్పుడు నా నడుముకున్న కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు మీటరు కీచుమని అరిచింది. ఫర్నేసు కట్టేసి, మామ్మ భుజాన కోటు వేసి, రెక్క పట్టుకుని నా ట్రక్కులోకి లాక్కొచ్చాను.

నిద్రలోంచి లేపిన పసిపిల్లలా నా మీద కోపగించుకుంది. కాసేపటికి తనే చెప్పడం మొదలుపెట్టింది. పోయిన వేసవిలో పొలం వదిలి ఊళ్లోకి వచ్చేటప్పుడు ఆమె భర్త ఒనుఫ్రి తాత అక్కడి ఫర్నేసు కూడా ఊడదీసి తెచ్చాడట. మావాళ్లు దేన్నీ వదిలిరారు, వీలుంటే బావిని కూడా ట్రాక్టరుకి ఎత్తేవాళ్లు. పొలంలో అది ట్యాంకులో పోయించుకునే ప్రొపేన్ మీద నడిచేది. ఇక్కడి వీధి పైపుల గ్యాసుకి తగ్గట్టు తాతే మార్చి బిగించాడు. చలి మొదలవకముందే గుండె ఆగి పోయాడు. తన చేత్తో బిగించినదాన్ని ఒక్కసారైనా వెలిగించి చూసుకోలేదు. మొదటి మంచు పడ్డ రోజు మామ్మే మీట నొక్కింది. ఆ సాయంత్రమే తాత వచ్చి కిటికీ పక్కన కూర్చున్నాడట. అప్పటినుంచి ఫర్నేసు ఆపకుండా మండిన ప్రతి సాయంత్రం వస్తున్నాడు. మాట్లాడడు, గురక పెడతాడు. తలనొప్పి ఉండేదిగానీ తాత వస్తుంటే దాన్నెవరు పట్టించుకుంటారు అంది.

ఆ తర్వాత నా వైపు తిరిగి సూటిగా అడిగింది.

"నువ్వు దాన్ని ముట్టుకుంటే ఆయన ఇంక రాడు కదూ?"

అబద్ధం చెప్పచ్చు. నాకు చేతకాలేదు.

"రాడు మామ్మా. ఆయన్ని చూపించింది ఆ విషవాయువే."

"అయితే ఈ ఒక్క పూటకీ వదిలెయ్. పోయినవాళ్లు ఇంటికొచ్చే పూట ఇది. రేపొచ్చి నీ ఇష్టం వచ్చినట్టు తిప్పుకో."

నాకు ఒళ్లు మండింది. "రేపటికి నీక్కూడా కంచం పెట్టాలి. ఎవరు పెడతారు, నేనా? నీలా ఈ పండక్కి పన్నెండు రకాలు వండటం నాకు రాదు."

మామ్మ పెదవి కాస్త నవ్వబోయి వంకర్లు పోయింది. ఏడుస్తుంటే చూడలేకపోయాను. డారియా వచ్చి ఆమెని క్లినిక్‌కి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టింది.

నేను తలుపులు, కిటికీలు బార్లా తెరిచాను. ఇంట్లోకి మంచు నడిచొచ్చింది. మీటరు సున్నాకి దిగాక నేలమాళిగలోకి వెళ్లాను. ప్రెషర్ చూడటానికి నేనింకా పాతకాలపు గొట్టమే వాడతాను. వంచిన గాజు గొట్టం, అందులో ఆకుపచ్చ నీళ్లు. గ్యాస్ తోస్తే నీళ్లు ఎన్ని అంగుళాలు లేస్తాయో అదే దాని ప్రెషర్. ఆ నీళ్లు లేవడం చూస్తుంటే ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది నాకు.

గొట్టం తగిలించి ఫర్నేసు వెలిగించాను. నీళ్లు నెమ్మదిగా లేచి ఏడు దగ్గర ఆగాయి. మూడున్నర ఉండాలి. పసుపు మంటలు పొడుగ్గా నాలుకలు చాపి ఊగుతున్నాయి. పొగ అంతా చిమ్నీలో పట్టక కొంత వెనక్కి తంతోంది. పైన వినిపించిన గురక ఇదే. రెగ్యులేటర్ మర ఎంత వదులు చేసినా నీళ్లు దిగవేం? అప్పుడు అర్థమైంది. ప్రొపేన్ నుంచి పైపు గ్యాసుకి మార్చేటప్పుడు గ్యాసు చిమ్మే బర్నర్ ముక్కులతో పాటు రెగ్యులేటర్ లోపలి స్ప్రింగు కూడా మార్చాలి. తాత ముక్కులు మార్చాడు. ప్రొపేన్ స్ప్రింగు అలాగే బిర్రుగా ఉంది. మరి కొత్తది?

మంట ఆపి టార్చి వేసి వెతికాను. మైనం కాగితంలో చుట్టి, గ్యాసు పైపుకి నూలుతాడుతో కట్టి కనిపించింది. పాతది ఇంకా దిట్టంగానే ఉంది కదా, కొత్తదాన్ని ఎందుకు పాడుచేయడం అనుకుని ఉంటాడు. మా నాన్న బతికున్నప్పుడు కొత్త చొక్కాలు ఇలాగే పెట్టెలో దాచేవాడు. తాత మీద ఎంత కోపమొచ్చిందో అంత ప్రేమా వచ్చింది.

మెట్ల మీద చప్పుడైంది. మామ్మ, వెనకే డారియా. మామ్మ బుగ్గల్లోకి కాస్త రంగు వచ్చింది. నేను జరిగింది చెప్పి, ఆ తాడు కోయడానికి కత్తి తీశాను.

"కొయ్యకు. అది ఆయన వేసిన ముడి," అంది.

దగ్గరికొచ్చి, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో తనే విప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు పట్టింది. మేమెవరం సాయం పట్టలేదు. తాడు జేబులో వేసుకుని స్ప్రింగు నా అరచేతిలో పెట్టింది.

"వేసెయ్," అంది.

వేశాను. మళ్లీ వెలిగించి, మరని కొద్దికొద్దిగా తిప్పాను. ఆకుపచ్చ నీళ్లు మూడున్నర దగ్గర నిలిచాయి. మంటలు పొట్టిగా, నీలంగా, కదలకుండా నిలబడ్డాయి. పొగ బుద్ధిగా చిమ్నీ దారి పట్టింది. ఫర్నేసు పెట్టెలో ఎక్కడా పగుల్లేదు, మీటరు సున్నా మీదే ఉంది. గురక ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో మామ్మ మంటకేసి చూస్తూ, ఇంత మెల్లగా మండుతుందా అని అడిగింది. తాత అనుకున్నది ఇదేనని, ఆయన చూడలేకపోయాడని, ముందుగా నువ్వే చూస్తున్నావని చెప్పాను.

పైకొచ్చి తలుపులు, కిటికీలు మూసేసరికి చీకటి పడుతోంది. అద్దాల మీద నీళ్లు ఆరుతున్నాయి. అలా ఆరిన చోట, పలచబడిన మంచులోంచి, తొలి చుక్క కనిపించింది. అది కనబడితేగాని తినకూడదు. మామ్మ నాకూ డారియాకీ కంచాలు వేసింది. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మెత్త మీద నొక్కేం లేదు. మామ్మ దాన్నే చూస్తూ నిలబడింది. ఎదురు కుర్చీలో కూర్చుంటుందనుకున్నాను, ఇన్నాళ్లూ కూర్చున్నట్టు.

ఆమె ఆ ఖాళీ కుర్చీ దగ్గరికే వెళ్లి, నడుం పట్టుకుని వంగి, మెల్లగా ఊదింది.

"కాస్త జరుగు," అంది. తర్వాత అందులో కూర్చుంది, ఒక పక్కకి, ఇంకొకరికి చోటు వదిలి.