లింగవ్వ గోడ పక్క ముగ్గు

తవ్వబోయే గుంతకు హద్దుగా ముగ్గు పొయ్యమని పొద్దున్నే భార్య నవీనకు చెప్పాడు సుధాకర్. ఆమె పోస్తే గీత వంకర పోదని మెచ్చుకున్నాడు కూడా. మంచిర్యాలలో అతను కట్టిన ప్రతి ఇంటికీ కాగితం మీద గీతలు ఆమెవే, కమ్మీల లెక్కలు ఆమెవే. బోర్డు మీద పేరు మాత్రం అతనిది. అన్నం వండినట్టే అదీ ఇంటిపని కిందికే పోయింది. ఇంజనీరింగు చదివిన కోడలని పెళ్లిలో మురిసిన అత్త శంకరవ్వ, ఇప్పుడు ఎవరన్నా అడిగితే ఇంట్లనే ఉంటదని చెబుతుంది.

ఈసారిది సెల్లారు గుంత. పక్కనే ముసలి లింగవ్వ ఇంటి పాత మట్టిగోడ. గుంత ఆ గోడ పునాదికన్నా కిందికి దిగాలి. వానలకు నల్లరేగడి నాని ముద్దయింది. పక్కన మన్ను తీసేస్తే గోడ బరువుకు ఆ మెత్తటి మట్టి గుంతలోకి జారుతుంది, వెంట గోడా వస్తుంది. కొంత తవ్వి, కొంత వదిలి, తవ్విన చోట కాంక్రీటు గోడ లేపి, అది గట్టిపడ్డాకే మిగిలింది తవ్వాలని నిన్న వడ్డిస్తూ నవీన చెప్పింది. పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు సుధాకర్. ముహూర్తం పెట్టి తవ్వే గుంతను నడుమ ఆపితే కీడని అత్త అడ్డం పడింది.

"కూలితే కట్టిస్త తీ. ముసల్దానికి కొత్త గోడ అయితది," అని చెయ్యి కడుక్కున్నాడు.

ఆ గోడకు ఆనించే లింగవ్వ మంచం ఉంటుంది.

నవీన మూడు వైపులా తెంపు లేకుండా ముగ్గు పోసింది. నాలుగోవైపు, లింగవ్వ గోడ దగ్గర, చెయ్యి ఆగింది. కొంత పోసి, అంతమేర వదిలి, మళ్లీ పోసింది.

జేసీబీ నడిపే అంజన్న దిగి చూశాడు. "అక్కా, ముగ్గు నడుమ నడుమ తెగింది గదా?"

"ముగ్గున్నకాడనే తవ్వు అంజన్నా. లేనికాడ బకెట్ ఆననియ్యకు."

సుధాకర్ వచ్చి చూసి, కూలీల ముందర నవ్వాడు. "ఇంటి వాకిలి అనుకున్నవా? పో, చాయ్ పెట్టు. అంజన్నా, సీదా కొట్టు."

మామూలుగా అయితే ఆ నవ్వుకే ఆమె లోపలికి పోయేది. లోపల గిన్నెలు గట్టిగా తోమేది, సాయంత్రానికి మరిచిపోయేది. ఇవాళ నడిచి, గోడ పక్క ముగ్గు లేనిచోట నిలబడింది. పాదాలు చీలమండల దాకా దిగబడ్డాయి. అంజన్న ఒకసారి సుధాకర్‌ను, ఒకసారి ఆమెను చూసి ఇంజను బంద్ చేశాడు.

చప్పుడు ఆగేసరికి కిటికీలోంచి లింగవ్వ గొంతు వినబడింది. "ఎవలు బిడ్డా ఆడ?"

సుధాకర్ భార్యనని చెప్పడమే ఇన్నేళ్ల అలవాటు.

"ఇంజనీర్ను అవ్వా," అంది నవీన.